యావకీ పట్టుకీ లెక్క కట్టాలంటే ఏ మోడల్ తీసుకోవాలి?

మా ఊరి కిళ్ళీ కొట్టు స్తంభానికి ఒక కొబ్బరి తాడు వేలాడుతూ ఉంటుంది, చివర్న ఎర్రగా నిప్పు. సిగరెట్టు విడిగా కొనుక్కున్నోడు వంగి దానికే ముట్టించుకుంటాడు, కొట్టాయనకి అగ్గిపెట్టె ఖర్చు ఉండదు. పంతొమ్మిదేళ్ళు నేను ఆ తాడు దగ్గర వంగాను. మానేసి పదిహేను నెలలైంది. ఇప్పటికీ సాయంత్రం పూట ఎవరింట్లోనైనా దోమలకని కొబ్బరి పీచు రాజేస్తే చాలు, చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదకి వెళ్ళిపోద్ది. కోనసీమలో ఉంటూ పీచు వాసన తప్పించుకుని ఎక్కడికెళ్తామండీ.

నేను ఇక్కడే ఇంజినీరింగ్ పిల్లలకి లెక్కలు చెప్తాను. ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే ఏటా ఒకటో రెండో బ్యాచ్‌లు వచ్చి "మాస్టారూ, అడిక్షన్ మీద మేథమెటికల్ మోడల్ చేద్దామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు" అంటారు, ఈ మధ్య బయటోళ్ళు కూడా అడుగుతున్నారు, మా బావమరిది లాంటోళ్ళు, మానేద్దామని ఎక్సెల్ షీటు తెరిచి కూర్చుని తర్వాత ఏం చెయ్యాలో తెలీనోళ్ళు. అందరికీ విడివిడిగా చెప్పి గొంతు పోతోంది, అందుకే ఒకచోట రాసేస్తున్నా. క్రేవింగ్‌ని మన భాషలో యావ అందాం, సెల్ఫ్ కంట్రోల్‌ని పట్టు అందాం, రెండూ చిన్న మాటలు, పనికొస్తాయి.

ముందు నేను ఏ మోడల్‌కైనా పెట్టే పరీక్ష చెప్పాలి. గోదారి పొంగితే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇది ఇక్కడ చిన్నపిల్లలక్కూడా వచ్చు. నీరు ఎక్కేటప్పుడు ఏదో ఒక మట్టం దగ్గర గట్టు దాటి లంక చేలోకి దిగిపోతుంది కదా, మరి ఏరు తగ్గి అదే మట్టానికి వచ్చిందనుకోండి, చేలో నీరు కూడా వెనక్కి పోతుందా? పోదు. ఏరు తగ్గాక కూడా చేలో నిలబడే ఉంటుంది, అరటి మొదళ్ళు కుళ్ళబెట్టి గానీ కదలదు. ఎక్కిన దారి వేరు, దిగే దారి వేరు. లెక్కల్లో దీన్నే హిస్టెరిసిస్ అంటారు. అలవాటు కూడా అంతే, స్నేహితులతో రోజుకి ఒకటితో మొదలెట్టినోడు, ఆ స్నేహితులు పోయాక కూడా పదిహేను దగ్గరే ఉంటాడు. కాబట్టి మోడల్ చూడగానే నేనడిగేది ఒకటే, దిగే దారి వేరుగా ఉంటుందని ఇది చెప్పగలదా? మొదలెట్టడం గురించి అన్ని మోడళ్ళూ బాగానే చెప్తాయి లెండి.

ఎకనామిక్స్ వాళ్ళది ముందు చూద్దాం. 1988లో గేరీ బెకర్, కెవిన్ మర్ఫీ కలిసి పెట్టిన రేషనల్ అడిక్షన్ మోడల్. అలవాటున్నోడు తెలివితక్కువోడు కాదు, రాబోయేదంతా లెక్క వేసుకునే తాగుతున్నాడు అంటారు వీళ్ళు. లోపల ఒక నిల్వ ఉంటుంది, ఇప్పటిదాకా తాగిందంతా గాదెలో ధాన్యంలా పోగవుతూ, రోజూ కొంత తరుగుతూ. నిల్వ పెరిగేకొద్దీ ఒంటికి దెబ్బ, కానీ ఇవాళ్టి సిగరెట్టు మాత్రం ఇంకా కావాలనిపిస్తుంది. ఇందులోంచి వచ్చే గట్టి జోస్యం ఏంటంటే, వచ్చే ఏడు ధర పెరుగుతుందని ముందే తెలిస్తే జనం ఇవాళే తగ్గిస్తారు. 1994లో వీళ్ళిద్దరూ మైకేల్ గ్రాస్‌మన్‌తో కలిసి అమెరికా రాష్ట్రాల సిగరెట్ అమ్మకాల మీద చూసి సరిపోయిందన్నారు. 2004లో ఆల్డ్, గ్రూటెండార్స్ట్ అని ఇద్దరు అదే పరీక్షని పాల మీద చేసి చూశారు, జనం పాలకి సిగరెట్ల కంటే ఘోరంగా అలవాటు పడిపోయినట్టు తేలింది! అంటే ఏడాదికొకటి చొప్పున ఉండే అంకెల మీద ఆ పరీక్ష నమ్మదగింది కాదని. పిల్లలకి ఈ పాల కథ చెప్తే క్లాసు క్లాసంతా లేచి కూర్చుంటుంది.

మా దగ్గర ఒక బ్యాచ్ మందు ధరలతో ఇది చేస్తామన్నారు. 2020 మే నెలలో రాష్ట్రంలో మద్యం ధర ముందు 25 శాతం, వెంటనే ఇంకో 50 శాతం పెంచారు కదా, 2024 అక్టోబర్లో కొత్త పాలసీలో 99 రూపాయల క్వార్టరు వచ్చింది కదా, డేటా దొరికినట్టే అన్నారు. వద్దన్నాను. మొదటిది రాత్రికి రాత్రి పెరిగింది, ముందు తెలిసింది లేదు, పైగా లాక్‌డౌన్. దానికి తోడు గోదారి దాటితే యానాం, అది పుదుచ్చేరి కింద లెక్క, అక్కడి పన్నులు వేరు. ఇక్కడి షాపులో అమ్మకం తగ్గిందంటే తాగుడు తగ్గిందో, సీసా ఏరు దాటొచ్చిందో ఎవడు చెప్తాడు? ధరల డేటా శుభ్రంగా ఉండి, పెరుగుతుందని ముందే ప్రకటించిన సందర్భం ఉంటే బెకర్ మోడల్ తీసుకోండి. లేకపోతే అటు వెళ్ళొద్దు.

దిగే దారి పరీక్షలో మాత్రం ఇది పూర్తిగా ఫెయిలేం కాదు. రెండు నిలకడ స్థితుల మధ్య ఒక నిలవని స్థితి ఉంటుంది ఇందులో, అందుకే గట్టి అలవాటుని కొంచెం కొంచెంగా కాకుండా ఒక్కసారిగానే వదలాలి అని కూడా చెప్తుంది. కానీ ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఇది కాగితం మీద మాట. రోజూ బాగా మందు తాగే మనిషి ఉన్నపళంగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, ఎవరెవరో కనబడుతున్నారని అరవడం దాకా వెళ్తుంది, ప్రాణం మీదకి రావచ్చు. సిగరెట్టుకి ఆ భయం లేదు. మందు విషయంలో ముందు డాక్టరు, ఆ తర్వాతే మీ డిఫరెన్షియల్ ఈక్వేషను.

ఇంక నాకు బాగా ఇష్టమైంది, హైపర్బాలిక్ డిస్కౌంటింగ్, అంటే ఆలస్యంగా దక్కేదాని విలువ మనకి ఇవాళ ఎంత తక్కువగా అనిపిస్తుందో కట్టే లెక్క. పాత పద్ధతి 1937లో పాల్ శామ్యూల్సన్ పెట్టింది, రేపటి సుఖం విలువ వడ్డీ లెక్కలాగా రోజుకింత చొప్పున ఒకే నిష్పత్తిలో తగ్గుతుందని. అలా తగ్గితే పొద్దున్న తీసుకున్న నిర్ణయం రాత్రి మారకూడదు. మరి మారుతోందిగా! 1975లో జార్జ్ ఐన్‌స్లీ ఈ విషయమే పట్టుకున్నాడు, 1987లో జేమ్స్ మేజర్ అనే ఆయన పావురాలతో ప్రయోగాలు చేసి సూత్రం ఇలా రాశాడు: విలువ = దక్కేది ÷ (1 + కె × ఆగాల్సిన సమయం). అంతే, ఒక్క కె. పెద్ద కె అంటే ఆగలేని మనిషి.

నా లెక్కే చేసి చూపిస్తా. రాత్రి 9కి అన్నం తిన్నాక కొట్టు దగ్గర సిగరెట్టు, దానికి 30 మార్కులు. అది తాగకపోతే పొద్దున్న 6కి ఏటిగట్టు మీద దగ్గు లేకుండా నడవొచ్చు, దానికి 100 మార్కులు. గంటకి కె 0.5 అనుకోండి. పొద్దున్న 8 గంటలకి కాలేజీ బస్సులో కూర్చుని ఆలోచిస్తున్నా: సిగరెట్టు 13 గంటల దూరం, దాని విలువ 30 ÷ 7.5, అంటే 4. నడక 22 గంటల దూరం, 100 ÷ 12, అంటే 8.3. నడక గెలిచింది, "ఇవాళ తాగను" అని మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెప్పాను. రాత్రి 9కి కొట్టు ముందు నిలబడ్డా: సిగరెట్టు ఎదురుగా ఉంది, 30కి 30. నడక ఇంకా 9 గంటలు, 100 ÷ 5.5, అంటే 18. అయిపోయింది. రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో చూస్తే రాత్రి 7 దాటి పది నిమిషాలకి దగ్గర్లో. అంటే పోరాటం 9 గంటలకి అనుకుంటాం గానీ 7 గంటలకే ఓడిపోతున్నామన్నమాట. ఈ లెక్క కట్టాక నేను చేసింది ఒక్కటే, ఏడుకి ముందే పర్సు, స్కూటీ తాళాలు మా ఆవిడకి ఇచ్చేయడం. అప్పటికి నడక ఇంకా గెలుస్తూనే ఉంటుంది కాబట్టి ఇవ్వడానికి మనసొప్పుతుంది, ఎనిమిదిన్నరకి ఇమ్మంటే ఇస్తానా?

1999లో కిర్బీ, పెట్రీ, బికెల్ అని ముగ్గురు హెరాయిన్ అలవాటున్నోళ్ళకి, లేనోళ్ళకి ఈ కె కొలిచారు, అలవాటున్నోళ్ళకి దాదాపు రెట్టింపు వచ్చింది. ప్రాజెక్టు పిల్లలకి ఇది బంగారం, ఎందుకంటే ప్రశ్నల కాగితం ఇచ్చి మనమే కొలుచుకోవచ్చు, "ఇవాళ ఇంత కావాలా, ఇన్ని రోజులాగితే అంత కావాలా" అని. కంప్యూటర్ కూడా అక్కర్లేదు. కానీ దిగే దారి? దాని గురించి ఇది ఏమీ మాట్లాడదు. ఇందులో నిన్న అనేదే లేదు, మొదటి సిగరెట్టుకీ ఐదువేలో సిగరెట్టుకీ ఒకటే లెక్క. నిన్నటిని కూడా కలపాలంటే 1997లో లైబ్సన్ వాడిన బీటా-డెల్టా రూపం (ఇవాళ కాని దేనికైనా ఒక తగ్గింపు, ఆపైన రోజుకింత చొప్పున ఇంకో తగ్గింపు) తీసుకుని దాన్ని బెకర్ నిల్వతో జోడించాలి, 2001లో గ్రూబర్, కోసెగి చేసింది అదే. ఎంఎస్సీ వాళ్ళు చెయ్యొచ్చు, బీటెక్ ఫైనలియర్‌కి ఒక సెమిస్టర్ సరిపోదు.

మెదడు వైపు నుంచి వచ్చే మోడళ్ళు సీఎస్ఈ పిల్లలకి వెంటనే నచ్చేస్తాయి, రీయిన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (ఆర్ఎల్) అనేసరికి కళ్ళు మెరుస్తాయి. మూలం చిన్నదే, అనుకున్నదానికీ దక్కినదానికీ తేడా ఎంతో అంత నేర్చుకుంటాం. 1997లో షుల్ట్జ్, డయాన్, మాంటేగ్ చెప్పింది మెదడులో డోపమిన్ అనే రసాయనం వదిలే కణాలు ఆ తేడానే మోస్తాయని: కోతికి మొదట్లో జ్యూస్ చుక్క దొరికినప్పుడు కణాలు చెలరేగుతాయి, కొన్నాళ్ళకి జ్యూస్‌కి ముందు వెలిగే దీపం చూస్తేనే చెలరేగుతాయి, జ్యూస్ దగ్గర చప్పుడుండదు. నా కొబ్బరి పీచు వాసన ఆ దీపమే. 2004లో డేవిడ్ రెడిష్ దీనికి ఒక మెలిక పెట్టాడు, డ్రగ్ డోపమిన్‌ని నేరుగా పెంచుతుంది కాబట్టి ఆ తేడా ఎప్పటికీ సున్నాకి రాదు, ఎంత నేర్చుకున్నా ఇంకా ఎక్కువ దక్కినట్టే ఉంటుంది, విలువ పెరుగుతూనే పోతుందని.

నాకు ఈ మోడల్ మీద గౌరవం ఎందుకంటే ఇది ధైర్యంగా పందెం కాసింది. దీపం చూస్తే సరుకు వస్తుందని ఎలక ముందే నేర్చేసుకుంది, ఇప్పుడు దీపంతోపాటు గంట కూడా మోగించారు. మామూలు తిండి అయితే గంట గురించి నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు, తేడా సున్నా కాబట్టి. రెడిష్ ప్రకారం కొకైన్ అయితే గంటని కూడా నేర్చుకోవాలి. 2007లో ఎలకల మీద చేసి చూస్తే నేర్చుకోలేదు, తిండి లాగానే అయింది. పందెం పోయింది. కానీ అలా పోగొట్టుకోగలిగే మోడల్‌తో ప్రాజెక్టు చేస్తే రిపోర్టులో రాయడానికి సరుకు ఉంటుంది, ఏ డేటా ఇచ్చినా "సరిపోయింది" అనే మోడల్‌తో ఏం రాస్తారు? దిగే దారి విషయానికొస్తే మామూలు ఆర్ఎల్ బలహీనం. వాసన వచ్చి సిగరెట్టు రాకపోతే విలువ మెల్లగా చెరిగిపోవాలి దాని లెక్కలో, నాకు పదిహేను నెలలైనా చెరగలేదు. పాతది చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం ఒకటి పడుతుంది, చోటు మారితే పాతది మళ్ళీ లేస్తుంది, అది పెట్టాలంటే ఆ పరిస్థితిని రెండు వేరు స్థితులుగా విడగొట్టాలి. ఓపికున్నోళ్ళు చెయ్యండి.

పందేలూ, గుండాట, ఆన్‌లైన్ రమ్మీ మీద చేస్తామనే బ్యాచ్ ప్రతి సంక్రాంతికీ ఉంటుంది. వాటికి కూడా ఆర్ఎల్ వైపే రండి, ఒంట్లోకి వెళ్ళే సరుకేం లేదు కాబట్టి నిల్వ మోడల్ అంతగా అతకదు, ఎప్పుడొస్తుందో తెలీని గెలుపే ఇక్కడ మందు. 2025లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా నిషేధించారు, కాబట్టి యాప్ డేటా అడిగి టైం వేస్ట్ చేసుకోకండి. బరి దగ్గర సర్వే అసలే వద్దు, అది చట్టరీత్యా నేరం, నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డోడిని ఏమనుకుంటారో చెప్పక్కర్లేదుగా.

ఇద్దరు మనుషుల మోడళ్ళు కొన్ని ఉన్నాయి, 1981లో థేలర్, షెఫ్రిన్‌ల ప్లానర్-డూయర్, ఒకడు ప్లాన్ వేసేవాడు ఒకడు చేసేసేవాడు. 2004లో బెర్న్‌హైమ్, రేంజెల్‌ల వేడి స్థితి-చల్లటి స్థితి. చదవడానికి హాయిగా ఉంటాయి, రెండోదాంట్లో వేడి స్థితిలో, అంటే యావ ఎక్కి పట్టు తప్పినప్పుడు, తాగిన సిగరెట్టు మనిషి ఎంపిక కాదు, పొరపాటు అంటారు, ఆ ఒక్క మాటకే చదవొచ్చు. సిమ్యులేషన్‌కి మాత్రం నేను వీటికంటే ఇప్పుడు చెప్పబోయేదే ఎంచుకుంటా.

2016లో గ్రాస్‌మన్ ద్వయం, వాన్ డెర్ మాస్ కలిసి యావనీ పట్టునీ రెండు చరరాశులుగా పెట్టి రాసిన మోడల్ ఉంది (పైన బెకర్‌తో చెప్పిన గ్రాస్‌మన్ వేరు, వీళ్ళు డచ్చి వాళ్ళు). వాడిన రోజు యావ పెరుగుతుంది, వాడని రోజు తరుగుతుంది. పట్టు దానంతట అది కోలుకుంటుంది, యావా వాడకమూ దాన్ని కొరుకుతాయి. బయటి ప్రభావం అని మూడోది ఒకటి, స్నేహితులు, పెళ్ళిళ్ళు, కిళ్ళీ కొట్టు. యావ ప్లస్ బయటి ప్రభావం మైనస్ పట్టు, ఇది సున్నా దాటితే మనిషి ప్రమాదంలో ఉన్నట్టు. దాన్ని కుదించి నాకు నేను ఎక్సెల్‌లో వేసుకున్న బొమ్మ లెక్క ఇది, అంకెలన్నీ నావే, పేపర్లోవి కావు: యావ 80 దగ్గర మొదలు, తాగని రోజు 5 శాతం తరుగు, తాగిన రోజు 100కి ఎంత తక్కువుందో అందులో పదోవంతు పెరుగుదల. పట్టు 50, దాన్ని కదపకుండా పెట్టాను.

మానేసిన మొదటి రోజు 80 మైనస్ 50, ఇంకా 30 మార్కుల లోటు. ఆ లోటు నా పట్టుతో పూడదు, బయటినుంచే రావాలి, నికోటిన్ గమ్మో, పర్సు దాచే ఆవిడో, సిగరెట్టు పెట్టె మీదే అచ్చేసి ఉండే 1800-11-2356 నంబరో. పదో రోజుకి యావ 50 కిందకి దిగింది, ఇంట్లో ఉంటే క్షేమం. కానీ పెళ్ళికెళ్తే బయటి ప్రభావం 20 అనుకోండి, అప్పుడు యావ 30 కిందకి రావాలి, దానికి ఇరవై రోజులు పట్టింది. మాఘమాసంలో మానేద్దామనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలూ చూసుకుని ముహూర్తం పెట్టుకోండి. నేను పద్నాలుగో రోజున మా బాబాయి కొడుకు పెళ్ళిలో రాత్రి జారిపోయాను. అప్పుడు యావ 39. మర్నాడు పొద్దున్న "అయిపోయింది, మళ్ళీ మొదటికొచ్చింది, ఇంక తాగేస్తే పోలా" అనిపించింది, చాలామంది మొత్తం పడిపోయేది ఆ ఆలోచన దగ్గరే, 1985లో మార్లాట్, గోర్డన్ దీనికొక పేరు కూడా పెట్టారు. షీటు తీసి చూశా: 39 కాస్తా 45 అయింది. 80 కాలేదు. మూడు రోజుల్లో మళ్ళీ 39 కిందకి వచ్చేసింది. మూడు రోజులు పోయాయి, రెండు వారాలు కాదు. షీటు లేకపోతే ఆ పొద్దున్న నేను కొట్టుకి వెళ్ళేవాణ్ణే.

పట్టుని కూడా కదిలేలా పెడితే లంక చేను కనబడుతుంది. వాడకం పట్టుని కొరుకుతుంది, పట్టు తగ్గితే వాడకం పెరుగుతుంది, బయటి ప్రభావాన్ని మెల్లగా పెంచుకుంటూ పోతే ఒకచోట ఒక్కసారిగా గట్టు తెగినట్టు అవుతుంది, అదే మట్టానికి తగ్గించినా వెనక్కి రాదు, ఇంకా చాలా కిందకి దించాలి. ప్రాజెక్టులో ఒక గ్రాఫు వెయ్యమంటే ఇదే వెయ్యమంటాను.

ఊరు మొత్తం లెక్క కావాలంటే అంటురోగాల మోడల్. 1927 నాటి కెర్మాక్, మెక్‌కెండ్రిక్‌ల మూడు పెట్టెలే, తాగనోళ్ళు, తాగేవోళ్ళు, మానేసినోళ్ళు. వైట్, కోమిస్కీ 2007లో హెరాయిన్‌కి ఇలాగే చేశారు. మానేసినోళ్ళు తాగేవోళ్ళతో కలిసి మళ్ళీ మొదలెట్టే బాణం గీశారనుకోండి, ఆర్-నాట్ (ఒక్క తాగేవాడు కొత్తగా ఎంతమందికి అంటిస్తాడో ఆ అంకె) ఒకటికి కిందకి దిగినా అలవాటు ఊళ్ళోంచి పోకుండా ఉండిపోవచ్చు, అదే ఏడు తాగుడు మీద సాంచెజ్ వాళ్ళు చూపించింది ఇదే. మళ్ళీ చేలో నిలిచిన నీరే! లంక పొగాకు పండించే ఊళ్ళో, మా నాయనమ్మ లాంటి, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు నిన్న మొన్నటిదాకా ఉన్న చోట, ఒక్క తరంలో చుట్ట ఎలా మాయమైపోయిందో ఎవరైనా చేస్తే నేనే గైడ్‌గా ఉంటా. కానీ మీ ఒక్కరి యావకి ఈ మోడల్ వాడితే పనికిరాదు, అందులో మీరు ఒక పెట్టెలో ఒక తల మాత్రమే.

మా బావమరిదికి చివరికి నేనిచ్చింది నాలుగు గళ్ళ షీటు: తేదీ, ఎన్ని తాగావు, పదిలో యావ ఎంత, పక్కన ఏముంది. నాలుగో గడిలో వాడు మొదటి వారమంతా "ఏం లేదు" అని రాశాడు. ఎనిమిదో రోజున "లాకుల మీద, కొట్టు దగ్గర బండి స్లో చేశా" అని రాశాడు, తొమ్మిదో రోజున కూడా అదే. పదో రోజు నుంచి అవతలి గట్టు మీంచి రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి వస్తున్నాడు.